తుమ్మచెక్క రేసు బండి

సూర్యాపేటలో గోప్యా చెయ్యి పడిన లారీ దారిలో ఆగిందన్న మాట నేను వినలేదు. విజయవాడ పోయేదైనా, హైదరాబాద్ పోయేదైనా అతని షెడ్డులోంచి బయటపడిందంటే డ్రైవరు తన నిద్ర సంగతి చూసుకోవాలి తప్ప ఇంజను సంగతి చూసుకోనక్కర్లేదు. అలాంటి మనిషికి ఒకే ఒక బండి ఏళ్ల తరబడి తలవంపులు తెచ్చింది. అది ఏటా మద్రాసుకు పందేనికి పోయేది. ఏటా పందెం మధ్యలో ఆగిపోయేది. లారీ మీద పడుకుని తిరిగొచ్చేది.

నా పేరు వెంకటనర్సయ్య. గోప్యా షెడ్డు పక్కనే నాది డైనమోలు, బ్యాటరీల దుకాణం. ఆ బండికి వైర్లు గుంజింది నేనే కాబట్టి దాని గురించి నాలుగు మాటలనే హక్కు నాకుంది. మొదటి మాట ఏమిటంటే, నాకు అదంటే మొదటి నుంచీ పడదు. ఇద్దరే కూర్చునే బండి. పైన టాపు లేదు, సంచి పెట్టుకోవడానికి జాగా లేదు. వానొస్తే తడవాలి, ఎండొస్తే మాడాలి. అలాంటి దాని కోసం ఒక మనిషి తన ఆదివారాలన్నీ పోగొట్టుకున్నాడంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకు ఇప్పటికీ మండుతుంది.

గోప్యాది మోతె దగ్గర తండా. తండ్రి బిచ్చా, సాగర్ ఎడమ కాలువ తవ్వినప్పుడు మట్టి మోశాడు. కొడుకు ఆ మట్టి తోలే లారీల కింద దూరి పని నేర్చుకుని, మీసాలొచ్చే నాటికి సూర్యాపేట రోడ్డు మీద మేస్త్రీ అయి కూర్చున్నాడు. బక్క మనిషి. ఇంట్లో లంబాడీ, షెడ్డులో తెలుగు, పైనుంచి వచ్చే డ్రైవర్లతో వచ్చీరాని హిందీ. మూడూ కలిపినా రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. కానీ రోడ్డు మీద ఎవరి బండైనా ఆగిపోయి తోస్తున్నారంటే చేతిలో పానా అక్కడే పడేసి ఉరికేవాడు. అతనొక్కడే కాదు, మా రోడ్డు మీద అందరికీ అదే అలవాటు. చాయ్ తాగేవాడు గ్లాసు కింద పెట్టి వస్తాడు. బస్సు కోసం నిలబడ్డవాడు సంచి పక్కన పెట్టి వస్తాడు. బండి ఎవరిది, ఎందుకు ఆగింది అని అడగరు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డవాణ్ణి మాత్రం, "చేతులకు మైదాకు పెట్టుకున్నవా?" అని అడుగుతారు. ఆ మాట పడేకంటే వెళ్లి తోయడమే తేలిక.

ఎనభై మూడులోనో, ఆ పక్క ఏడో, మిర్యాలగూడ నుంచి సుధాకర్ సేటు మా రోడ్డు మీదికి రావడం మొదలైంది. రైస్ మిల్లు వాళ్లింట్లో చిన్నవాడు. మద్రాసులో చదువుకున్నాడు. చదువు సంగతి దేవుడికెరుక, అక్కడ షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద జరిగే కార్ల పందేలు చూసి ఆ పిచ్చి తలకెక్కించుకుని వచ్చాడు. మిల్లు పనంతా అన్న దామోదర్ చూసుకునేవాడు. తమ్ముడు మిల్లు లారీలను రిపేరుకు తెచ్చే పని పెట్టుకున్నాడు. అలా గోప్యాకు పరిచయమయ్యాడు.

ఒకరోజు లారీలోంచి పలకలు వేసి ఒక వస్తువును కిందికి దించాడు. నిడమనూరులో ఒక రైతు కొట్టంలో దొరికిందట. సాగర్ డ్యాం కట్టే రోజుల్లో ఎవరో ఇంజనీరు వదిలేసి పోయిన ఇంగ్లీషు కారు. ముందర ఎంజీ అని ఎనిమిది మూలల బిళ్ల ఒకటి వేలాడుతోంది. రైతు దాన్ని కోళ్ల గూడు చేసుకున్నాడు. సీట్ల కింద ఇంకా గుడ్డు పెంకులున్నాయి.

"దీన్ని నడిపియ్యాలె గోప్యా" అన్నాడు సుధాకర్.

గోప్యా చుట్టూ తిరిగి చూశాడు. కిందికి దూరి చూశాడు. చాలాసేపటికి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "నడుస్తది సేటూ. యాడికి పోవాలె?"

"యాడికీ పోవుడు లేదు. మద్రాసుల గుండ్రంగ తిరగాలె. అందరికంటె జల్ది తిరగాలె."

"తిరిగి?"

"తిరిగి మళ్ల ఆడికే రావాలె."

గోప్యా నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక దుకాణంలోకి వెళ్లిపోయాను. అతను నవ్వలేదు. ఆ ఆదివారమే మొదటి బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లాడు. మిల్లులో గోనెసంచులు వేసే షెడ్డు ఒక పక్క ఖాళీ చేయించి అందులో కారు పెట్టారు. అప్పటి నుంచి ఆదివారమంటే గోప్యాకు మిర్యాలగూడే.

ఆ కారుకు సామాను దొరకదు. ఇంగ్లండు నుంచి తెప్పించుకునే దారి అప్పట్లో మాకు లేదు, ఉన్నా గోప్యా నమ్మేవాడు కాదు. అతనికి తెలిసిన ఇనుము లారీ ఇనుము. విరిగిన దాని స్థానంలో విరగనిది వేయాలి, అదే అతని విద్య. చెదలు తిన్న చెక్క చట్రాన్ని తీసి పాలకీడులో వడ్ల జంగయ్య దగ్గరికి మోసుకుపోయాడు. జంగయ్య ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. తుమ్మ తప్ప వేరే చెక్క ముట్టేవాడు కాదు. పాత చట్రాన్ని వేలితో నొక్కి చూసి, "ఇదేం చెక్కయ్యా, చీపురు పుల్ల లెక్కున్నది" అని పక్కన పడేసి, అదే కొలతకు తుమ్మతో చేసిచ్చాడు. ఇస్తూ, "ఎడ్లు యాడ కడ్తరు?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, తెలియకే అడిగాడు.

మిల్లులో గాలి నిండా తవుడు. హమాలీలు ముక్కుకు తువ్వాల చుట్టుకుని పనిచేస్తారు. గోప్యా ఇంజను గాలి పీల్చే మూతికి కూడా పల్చని ధోవతి గుడ్డ కట్టాడు. మద్రాసులో మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు పక్క బండ్లవాళ్లు ఆ గుడ్డను చూడటానికి వరసగా వచ్చారు. ఒకాయన ఫొటో కూడా తీసుకున్నాడు. అది మెచ్చుకోలు అనుకుని గోప్యా పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆ మొదటిసారి ఎనభై అయిదులో. నేను కూడా వెళ్లాను. షోళవరంలో లారీ దిగగానే సుధాకర్ మా ఇద్దరినీ నిలబెట్టి పాఠం చెప్పాడు. "ఆ గోడ ఇవతలనే ఉండాలె. బండి ఆగిపోయిందనుకో, నేనొక్కణ్ణి దిగి తోసుకోవచ్చు. అట్ల తోసుకుంట గీత దాటినా పందెం పూర్తయినట్టే. ఇంకెవరి చెయ్యి పడినా లెక్కకు రాదు."

"ఇదేం పోకడ సేటూ?" అన్నాను. "ఒక్కడు తోస్తుంటే మేం చూసుకుంట నిలబడాల్నా?"

"గంతే నర్సన్నా. ఆళ్ల కానూన్ అట్లున్నది."

గోప్యా బుద్ధిగా తలూపాడు. ఆ ఏడు తోయాల్సిన అవసరం కూడా రాలేదు. రెండో చుట్టులో మలుపు దగ్గర ముందు చక్రాల కుదుపు మోసే కమాను పట్టీ విరిగి కారు గడ్డిలోకి పోయి పడుకుంది.

తిరిగొస్తూ కోదాడలో ఆగాం. గోప్యా నేరుగా మట్టయ్య కమాను పట్టీల దుకాణానికి పోయి, లారీ పట్టీలు కోయించి కారుకు సరిపడా చేయించాడు. ఒకటి చాలదని రెండు వేయించాడు. మట్టయ్య మాటకారి. "ఇంకో రెండేస్తే వడ్ల బస్తాలు కూడా ఎయ్యొచ్చు గోప్యా. రేసులెందుకయ్యా, కిరాయికి తిప్పుకోక" అన్నాడు. గోప్యా వినిపించుకోలేదు. మరుసటి ఏడు పట్టీలు విరగలేదు. పట్టీలు గట్టిపడేసరికి దెబ్బ చక్రాల మీద పడి పుల్లలు తెగాయి. జీపు చక్రాలు వేశాడు. చక్రాలు బరువెక్కేసరికి బ్రేకులకు బండి ఆగలేదు. అంబాసిడర్ బ్రేకులు పెట్టాడు. ఆ పై ఏడు చాసిస్ పగిలింది, దానికి లారీ ఛానల్ ముక్క వెల్డింగ్ చేశాడు. ఒకటి బలపడితే దాని పక్కది పోయేది. ఒక ఏడాది రేడియేటర్, ఒక ఏడాది గేరుబాక్సు. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, ప్రతి ఏడూ అన్నీ సరిచేసుకుని పోవడం, కొత్తది ఒకటి విరగ్గొట్టుకుని రావడం.

సుధాకర్ మొత్తుకునేవాడు. "బరువు తగ్గియ్యాలె గోప్యా. ఆడ అందరు రేకు గూడ కోసి పారేస్తున్నరు."

"తేలిక జేస్తే ఇరుగుతది సేటూ."

"బరువైతే ఉరకదు గద."

"ఉరకకున్నా మంచిదే. ఆగొద్దు."

వాళ్లిద్దరిలో తప్పెవరిదని నన్నడిగితే చెప్పలేను. సుధాకర్ చెప్పింది పందెం మాట. గోప్యా చెప్పింది రోడ్డు మాట. మునగాల దాటాక రాత్రిపూట బండి ఆగితే డ్రైవరు గతి ఏమిటో గోప్యాకు తెలుసు. వేగం ఎంత తగ్గినా ఎవరూ చావరు, ఆగితేనే కష్టం అని అతని లెక్క. ఆ లెక్కతో రేసు బండి కడితే అది ఇంగ్లీషు బొమ్మలా కనిపించే చిన్నసైజు లారీ అయి కూర్చుంది. దాన్ని షెడ్డులోంచి బయటికి జరపాలంటే నలుగురు హమాలీలు కావాల్సి వచ్చేది.

తిరుగు ప్రయాణంలో కోదాడలో చాయ్‌కి ఆగడం తప్పేది కాదు. హోటలాయన లారీ మీద కారును చూడగానే, "ఏంటి, పిల్ల మళ్లీ అత్తారింటి నుంచి తిరిగొచ్చేసిందా?" అని అరిచేవాడు. ఏటా అదే మాట. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, దాచుకోవడమెందుకు. గోప్యా మాత్రం దిగేవాడు కాదు. క్యాబిన్‌లో మొహం అటు తిప్పుకుని కూర్చునేవాడు. చాయ్ తీసుకెళ్లి ఇస్తే పట్టుకునేవాడు, తాగేవాడు కాదు. ఎంత సిగ్గుపడేవాడో నాకు తెలుసు. ఒకసారి చెప్పాడు కూడా. "ఎవరి బండో ఆగితే బండి ఆగిందంటరన్నా. ఇది ఆగితే గోప్యా ఆగిండంటరు."

ఇంటి దగ్గర సాలి ఉండేది, అతని భార్య. మార్కెట్ యార్డులో వడ్లు చెరిగే పని. పొద్దంతా దుమ్ములో నిలబడి సాయంత్రం దగ్గుకుంటూ మా దుకాణం ముందు నుంచే పోయేది. మనిషి నెమ్మది, మాట మాత్రం సూటి. ఒకరోజు ఆగి, "అన్నా, నీ దోస్తుకు జర సెప్పు" అంది. "ఆదివారం ఒక్కనాడన్న ఇంటికాడ పండమను. నడుము ఆయనదే, నాది గాదు. గని రాత్రంత మూల్గుతుంటె ఇనేది నేనే."

"నా మాట ఇంటడా చెల్లె?"

"ఇనడు. అయిన సెప్పు. ఒక్కదాన్నే సెప్పి సెప్పి నాకు యాష్టకొచ్చింది."

చెప్పాను. గోప్యా విన్నాడు. "ఒక్కసారి పందెం పూర్తి చేస్తె మానేస్తన్నా. సాలికి గూడ గదే జెప్పిన" అన్నాడు. సాలి ఆ మాట మీదే రోజులు నెట్టుకొచ్చింది. అందుకే పందెం నుంచి వచ్చినప్పుడల్లా గెలిచారా అని అడిగేది కాదు. "అయిపోయిందా?" అని అడిగేది.

తొంభై దాటేసరికి అందరం ముదిరాం. గోప్యా బండి కింద దూరితే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగితే తప్ప లేవలేకపోయేవాడు. వేళ్ల చివర్లు మొద్దుబారి చిన్న నట్టు పట్టుకుంటే తెలిసేది కాదు, కళ్లతో చూసి తిప్పేవాడు. సుధాకర్‌కు షుగర్ వచ్చింది. పొట్ట పెరిగి స్టీరింగుకు ఆనేది. ఇద్దరూ ఆదివారం పూట ఆ గోనెసంచుల షెడ్డులో పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఒకరితో ఒకరు మాట్లాడకుండా పనిచేసుకునేవాళ్లు. సంతోషంగా చేస్తున్నారా అంటే అదీ కాదు. మొదలుపెట్టిన పని ముగియక చేస్తున్నట్టు ఉండేది. మానేయండి అని నేనంటే ఇద్దరూ ఒకేసారి తలెత్తి నన్ను చూసేవాళ్లు, తప్పు మాటేదో అన్నట్టు. ఇక నోరు మూసుకుని నా బ్యాటరీ నేను చూసుకునేవాణ్ణి.

తొంభై మూడు జనవరిలో దామోదర్ షెడ్డుకు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, అన్నేళ్లు ఓర్చుకోవడమే గొప్ప. బండిని ఒకసారి చూసి తమ్ముడితో అన్నాడు. "వడ్లు ఆరబెట్టే మిషన్ వస్తున్నది. ఈ షెడ్డు గావాలె. ఈసారి పోయి రాండ్రి. వచ్చినంక దీన్ని హైదరాబాద్ పార్టీకి ఇచ్చేస్తున్న. మాట ఇచ్చిన."

సుధాకర్ తల దించుకుని నట్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు. గోప్యా మాత్రం చేతిలో పని ఆపకుండానే అన్నాడు. "ఇయ్యుండ్రి పెద్దసేటూ. గని సేటూ, ఈసారి గెలుసుడు పక్కన పెట్టు. ఎన్కనే రా, ఆఖర్న రా. గీత దాటాలె. నా చేతులకెళ్లి పోయిన బండి ఒక్కసారన్న పందెం పూర్తి చేసిందని ఉండాలె."

అంత పెద్ద మాట అతని నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. సుధాకర్ కూడా వినలేదనుకుంటా. "సరే గోప్యా, మెల్లగనే తోల్త" అన్నాడు.

ఆ నెలంతా గోప్యా బండిని విప్పి మళ్లీ కట్టాడు. విప్పుతుంటే తెలిసింది, దాంట్లో ఇంగ్లీషుది అనేది ఇంజను దిమ్మ, వెనక చక్రాలను తిప్పే రెండు ఇరుసు కడ్డీలు తప్ప ఇంకేం మిగల్లేదని. తుమ్మ పాలకీడుది, పట్టీలు కోదాడవి, సీట్లలో మిల్లు గోనెలు, మిగతాదంతా సూర్యాపేట ఇనుము. కడ్డీలను తీసి కిరోసిన్‌తో కడిగి, వెలుతురులో తిప్పి చూశాడు. ఏటా అలాగే చూసేవాడు. గీర కూడా లేదు. "పనిజేసేదాన్ని గెలకొద్దు" అని గ్రీజు రాసి మళ్లీ అక్కడే పెట్టాడు. వాటి మీద ఇన్నేళ్లుగా ఎంత బరువు పెంచాడో అతనికి తట్టలేదు, నాకూ తట్టలేదు.

పందేలు అప్పటికి మద్రాసు అవతల కొత్తగా కట్టిన ట్రాక్ మీదికి మారాయి. పాత బండ్లకు వేరుగా ఒక పందెం పెట్టారు. పొద్దుటి నుంచే ఉక్కపోత. సుధాకర్ టోపీ పెట్టుకునే ముందు అలవాటు ప్రకారం పాఠం చెప్పాడు. గోడ దాటి రావద్దు, చెయ్యి పడితే లెక్కకు రాదు. "ఎరికే సేటూ" అన్నాడు గోప్యా. ఏటా వినీ వినీ అతనికి అది నోటికొచ్చు.

పందెం మొదలైంది. మిగతా బండ్లు బాణాల్లా పోయాయి. మాది వాటి వెనక పోయింది. ఒక చుట్టు అయింది, రెండయ్యాయి. గోప్యా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బండి మా ముందు నుంచి పోయినప్పుడల్లా కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు. మూడో చుట్టులో పక్కనున్నవాళ్ల బండి ఒకటి పొగలు కక్కుతూ లోపలికొచ్చింది. ఇంకొకటి మలుపులో తిరగబడబోయి ఆగింది. మాది నడుస్తూనే ఉంది. సుధాకర్ మాట మీద నిలబడ్డాడు, మెల్లగానే తోలుతున్నాడు. ఎవరు దాటిపోయినా పోనిస్తున్నాడు. ఎప్పుడూ ఆగిపోయే చుట్లన్నీ ఒక్కొక్కటే దాటిపోయాయి. నాకు ఆ బండంటే పడదని చెప్పాను కదా, అయినా నేనూ గోడ మీదికి ఒంగి చుట్లు లెక్కపెడుతున్నాను.

ఆఖరి చుట్టు అని జెండా ఊపారు. "నర్సన్నా" అన్నాడు గోప్యా.

ముందు బండ్లన్నీ గీత దాటిపోయాయి. జనం చప్పట్లు కొట్టి లేవడం మొదలుపెట్టారు. జెండా మనిషి మా ఒక్క బండి కోసం నిలబడ్డాడు. ఆఖరి మలుపు తిరిగి అది కనిపించింది. ఇంజను గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం నెమ్మదిస్తోంది. గోప్యాకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. "ఇరుసు" అన్నాడు. కడ్డీ తెగితే ఇంజను ఎంత తిరిగినా చక్రానికి అందదు. బండి ఉన్న ఊపుతో కొంచెం దొర్లి, ఇంకొంచెం దొర్లి, గీతకు ఇవతల ఆగిపోయింది.

సుధాకర్ ఇంజను ఆపి కిందికి దిగాడు. టోపీ తీసి సీట్లో పెట్టాడు. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, భుజం ఆనించి తోయడం మొదలుపెట్టాడు. అక్కడ రోడ్డు కంటికి తెలియనంత ఎత్తుగా ఉంది. లేచిన జనం మళ్లీ కూర్చున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. బండి కదిలింది. మనిషి మొహం కందగడ్డలా అయింది. ఒక చోట ఆగి ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ తోశాడు. తుమ్మచెక్క, లారీ పట్టీలు, జీపు చక్రాలు, ఛానల్ ముక్కలు, అన్నేళ్లుగా గోప్యా ఎక్కించిన బరువంతా ఆ ఒక్కడి భుజం మీద పడింది. గోప్యా గోడ అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. "వద్దు" అన్నాను. "ఎరికే" అన్నాడు.

ఇంకా బండి పొడవంత దూరం ఉంది. సుధాకర్ కాలు జారి మోకాళ్ల మీద పడ్డాడు. పడ్డవాడు చెయ్యి వదల్లేదు. బండి జానెడు వెనక్కి దొర్లి అతని చెయ్యిని లాగింది. అతను లేవబోయి లేవలేక తలెత్తి చూశాడు. మమ్మల్ని పిలవలేదు, అది మాత్రం ఒట్టేసి చెప్తాను. ఊరికే చూశాడు.

గోప్యా గోడ దాటడం నేను చూడలేదు. చూసేసరికి బండి వెనక ఉన్నాడు. బండి కింద నుంచి చెయ్యి ఇస్తే తప్ప లేవలేని మనిషి ఎలా దూకాడో నాకు అర్థం కాదు. రెండు చేతులూ బండికి ఆనించి, తల దించి, ఒక్క తోపు తోశాడు. లారీలను తోసిన తోపు అది. బండి కదిలింది, కదిలి పోయింది. గీత దాటి అవతల గడ్డి అంచు దాకా పోయి ఆగింది. జెండా మనిషి ఎత్తిన జెండాను ఊపకుండా కిందికి దించేశాడు.

నేను కూడా గోడ దాటి పోయాను. ఇంకేం మిగిలింది కనుక. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి సుధాకర్‌తో ఇంగ్లీషులో మాట్లాడాడు. మర్యాదస్థుడు. అతని కంఠంలో బాధ ఉంది. మాటలు తెలియకపోయినా తల అడ్డంగా ఊపడం తెలుస్తుంది కదా. సుధాకర్ రోడ్డు మీదే కూలబడి ఉన్నాడు. మోకాళ్లు కొట్టుకుపోయి రక్తం కారుతోంది.

"ఏమంటున్నడు సేటూ?" అడిగాడు గోప్యా.

"లెక్కకు రాదంటున్నడు."

"దాటింది గద."

"దాటింది. నీ చెయ్యి పడ్డది."

గోప్యా కాసేపు గీతను చూశాడు, బండిని చూశాడు. తర్వాత పోయి బండి ముందు నిలబడి చేతులు ఆనించాడు.

"రాండ్రి. ఎన్కకు తోద్దాం" అన్నాడు. "గాడ ఆగిన కాడికే తోద్దాం. గాన్నుంచి మళ్ల మీరొక్కరే తోయుండ్రి సేటూ. నేను ముట్ట. గోడ అవతలికి పోత. నర్సన్నను నన్ను పట్టుకొమ్మను. ఈయనకు జెప్పుండ్రి."

గోప్యా నిజంగానే అంటున్నాడు. పెద్దాయన, "ఏమంటున్నాడు?" అన్నట్టు సుధాకర్ వైపు చూశాడు. సుధాకర్ అతనికి చెప్పలేదు. లేవడానికి ప్రయత్నించి మళ్లీ కూర్చుండిపోయాడు.

"నాతోని గాదు గోప్యా" అన్నాడు. "ఇగ నాతోని గాదు."

గోప్యా చాలాసేపు బండి మీద చేతులు తీయలేదు. తర్వాత మేం ముగ్గురం, పక్క బండ్లవాళ్లు నలుగురు, ఆ తెల్ల టోపీ పెద్దాయన కూడా కలిసి దాన్ని లారీ దాకా తోసుకుపోయాం. అప్పుడు ఎవరి చెయ్యి పడినా ఎవరూ వద్దనలేదు.